జలుబు, ఇన్‌ఫ్లుయెంజా: మహమ్మారి కాలమున భేదనిర్ణయము

నిర్వచనము

జలుబు, ఇన్‌ఫ్లుయెంజా అను రెండును శ్వాసమార్గమునకు సోకు అంటువ్యాధులు. రెండింటికిని వైరసులే కారణములు. రెండును దగ్గుచేతను, తుమ్ముచేతను, మలినమైన చేతుల స్పర్శచేతను ఒకరినుండి మఱియొకరికి వ్యాపించును. అయినను వాని కారకములు వేఱు, శరీరమున అవి ఆశ్రయించు స్థానములు వేఱు, పరిణామములు వేఱు. జలుబు ప్రధానముగా ముక్కునకును గొంతునకును పరిమితమై, చికిత్స యున్నను లేకున్నను వారము పదిదినములలో ఉపశమించు స్వల్పవ్యాధి. వాడుకలో ఫ్లూ అనబడు ఇన్‌ఫ్లుయెంజా, ముక్కు మొదలుకొని ఊపిరితిత్తుల వరకు గల మార్గమునంతటిని ఆక్రమింపగలదియు, జ్వరముతో సర్వశరీరమును పీడించునదియు, కొందఱియందు ప్రాణాంతకముగా పరిణమించునదియు నగు వ్యాధి.

సాధారణ సంవత్సరములలో ఈ భేదము రోగికి అంతగా పట్టని విషయము. మహమ్మారి చెలరేగినప్పుడు మాత్రము, ఎవరు ఇంట నుండవలెను, ఎవరికి మందు ఈయవలెను, ఎవరిని ఆసుపత్రికి చేర్పవలెను అను నిర్ణయములు దీనిపై ఆధారపడియుండును.

తెలుగునాట జలుబునకు పడిశము, రొంప అను పేర్లు కలవు. ఆయుర్వేదమున దీనిని ప్రతిశ్యాయమందురు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రము దీనిని వాతజము, పిత్తజము, కఫజము, సన్నిపాతజము, రక్తజము అని ఐదు విధములుగా విభజించినది. ‘పడిశము పది రోగముల పెట్టు’ అను సామెత జలుబును ఉపేక్షింపరాదని హెచ్చరించునది. ముక్కు కాఱుటతో మొదలగు వ్యాధులన్నిటిని కలిపి చూచిన పూర్వకాలమునకు ఆ హెచ్చరిక తగియున్నది.

చరిత్ర: కారకముల అన్వేషణము

1889లో రష్యా సామ్రాజ్యమునుండి బయలుదేరి యూరపును, తదనంతరము లోకమునంతటిని చుట్టివచ్చిన మహమ్మారి కాలమున, జర్మనీ శాస్త్రజ్ఞుడగు రిచర్డ్ ఫైఫర్ రోగుల కఫమునందొక బాక్టీరియమును గుర్తించి, 1892లో దానినే ఇన్‌ఫ్లుయెంజాకు కారణముగా ప్రకటించెను. ఈ సిద్ధాంతము పాతికసంవత్సరములకు పైగా వైద్యలోకమున నిలిచియుండుటచేత, 1918లో మహమ్మారి వచ్చినప్పుడు వైద్యులు పెక్కు దేశములయందు ఆ బాక్టీరియమునే వెదకిరి. అది కొందఱు రోగులయందు కనబడెను, మఱికొందఱియందు కనబడలేదు. దానిని నమ్మి సిద్ధపఱచిన టీకాలు వ్యాధిని నిలుపజాలకపోయెను. 1931లో అమెరికాయందు రిచర్డ్ షోప్, పందులకు వచ్చు ఇన్‌ఫ్లుయెంజాకు వైరసు కారణమని తేల్చెను. 1933లో లండను నగరమున విల్సన్ స్మిత్, క్రిస్టొఫర్ ఆండ్రూస్, పాట్రిక్ లెయిడ్లా అను మువ్వురు, రోగుల గొంతు పుక్కిలించిన నీటిని బాక్టీరియములు సాగిపోజాలని వడపోతద్వారా వడగట్టి, ముంగిసను పోలిన ఫెర్రెట్ అను జంతువుల ముక్కులలో వేసి, వానికి ఆ వ్యాధిని కలిగించి, మానవ ఇన్‌ఫ్లుయెంజా వైరసును లోకమునకు తెలిపిరి.

జలుబు విషయమున, 1914లోనే లైప్‌జిగ్ నగరమున వాల్తర్ క్రూజె వడగట్టిన ముక్కునీటిచే ఆరోగ్యవంతులకు జలుబు కలిగించి, దాని కారకము బాక్టీరియముకంటె సూక్ష్మతరమని చూపియుండెను. 1946లో ఇంగ్లండులోని సాల్స్‌బరీ చెంత జలుబు పరిశోధనకై ప్రత్యేకముగా నెలకొల్పిన కేంద్రమున, స్వచ్ఛందముగా ముందుకు వచ్చిన వారిపై నాలుగు దశాబ్దులకు పైగా ప్రయోగములు సాగెను. తడిసి, చలిగాలిలో నిలిచినవారికి జలుబు ఎక్కువగా సోకునా అని అచ్చట పరీక్షింపగా, అట్టి ఆధిక్యము కనబడలేదు. వానలో తడిసినందుననే పడిశము పట్టినదను నమ్మకము మన యిండ్లలో నేటికిని బలముగా నున్నందున ఈ ఫలితము స్మరణీయము. జలుబు కారకములలో ముఖ్యమైన రైనోవైరసు 1950వ దశకమున వేఱుచేయబడెను. ముక్కులోని చల్లదనమునకు సరిపోవు 33 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణమున ఇది చక్కగా పెరుగునని సాల్స్‌బరీ పరిశోధకులు తదుపరి కనుగొనిరి.

మహమ్మారులు

1918 జూన్ నెలలో బొంబాయి రేవుపట్టణమున తలచూపిన ఇన్‌ఫ్లుయెంజా, మొదట తేలికపాటిదై, మూడు దినముల జ్వరమువలె వచ్చి పోయెను. సెప్టెంబరునందు తిరిగి విజృంభించిన రెండవ తరంగము రైలుమార్గముల వెంబడి దేశమంతటను వ్యాపించి, కొలదిమాసములలోనే 1.2 కోట్లనుండి 2 కోట్ల వరకు జనులను బలిగొన్నదని అంచనాలు కలవు. భారత జనగణన చరిత్రమున జనసంఖ్య తగ్గిన దశాబ్ది 1911–21 ఒక్కటియే. మృతులలో 20 మొదలు 40 సంవత్సరముల వయసువారు అసాధారణమగు సంఖ్యలో నుండిరి. పెక్కుర మరణమునకు వైరసు వెనువెంట బాక్టీరియములవలన వచ్చిన న్యుమోనియా కారణమయ్యెను.

1957 మే నెలలో సింగపూరునుండి వచ్చిన ఓడద్వారా ఆసియా ఫ్లూ మదరాసు రేవున ప్రవేశించెను. కూనూరు పాస్చర్ సంస్థలోని ఇన్‌ఫ్లుయెంజా కేంద్రమున ఆ వైరసు పరిశీలింపబడెను. 1958 ఫిబ్రవరి నాటికి దేశమున సుమారు 44 లక్షల రోగులును, దాదాపు 1,100 మరణములును లెక్కకు వచ్చెను. లెక్కకు రాని రోగులు ఇంతకంటె పెక్కురుండియుందురనుట నిస్సంశయము. 1968లో హాంకాంగ్ ఫ్లూ వచ్చెను.

2009 ఏప్రిల్ నెలలో మెక్సికో, అమెరికా దేశములయందు బయల్పడిన హెచ్1ఎన్1 వైరసును లోకులు స్వైన్ ఫ్లూ అనిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009 జూన్ 11న దీనిని మహమ్మారిగా ప్రకటించి, 2010 ఆగస్టు 10న ముగిసినట్లు చెప్పెను. భారతదేశమున తొలిసారి నిర్ధారితమైన రోగి 2009 మే నెలలో అమెరికానుండి హైదరాబాదునకు వచ్చిన ప్రయాణికుడు. ఆగస్టు 3న పూణే నగరమున దేశపు తొలి మరణము సంభవింపగా జనులలో భీతి ప్రబలెను. ముక్కు కాఱిన ప్రతివాడును పరీక్షకై ఆసుపత్రి గుమ్మమున నిలువజొచ్చెను. పరీక్షింపబడినవారిలో అధికసంఖ్యాకులకు ఆ వైరసు లేదని తేలెను. జలుబు, ఫ్లూల భేదమును సామాన్యజనులు తెలిసికొనవలసిన ఆవశ్యకతను ఈ అనుభవము విస్పష్టముగా చూపినది.

కారకములు, విధములు

జలుబును కలిగించు వైరసులు రెండువందలకు పైబడియున్నవి. వానిలో రైనోవైరసులే నూటికి పైగా రకములు. వీనికి తోడు సాధారణ కరోనా వైరసులు, ఎడినోవైరసులు, పారాఇన్‌ఫ్లుయెంజా వైరసులు మున్నగునవి కలవు. ఒక రకమువలన కలిగిన రోగనిరోధకశక్తి మఱియొక రకమును అంతగా అడ్డుకొనజాలదు కావున, పెద్దలకు ఏటేట రెండు మూడు మాఱులును, పిల్లలకు అంతకు మిక్కిలిగాను జలుబు వచ్చుచుండును.

ఇన్‌ఫ్లుయెంజా వైరసులు ఎ, బి, సి, డి అని నాలుగు విధములు. డి రకము ప్రధానముగా పశువులకు సంబంధించినది. సి రకము స్వల్పవ్యాధిని మాత్రమే కలిగించును. ఎ, బి రకములు ప్రతివర్షము వ్యాపించుచుండును. మహమ్మారులకు కారణమైనది ఎ రకమొక్కటే. ఇది పక్షులయందును, పందులయందును, మనుష్యులయందును ఉండుటయు, దీని జన్యుపదార్థము ఎనిమిది ఖండములుగా నుండుటచేత రెండు వైరసులు ఒకే కణమున కలిసినప్పుడు ఆ ఖండములు తారుమారై నూతనవైరసు పుట్టుటయు ఇందులకు కారణములు. వైరసు ఉపరితలమున గల హీమగ్లూటినిన్, న్యూరామినిడేజ్ అను రెండు మాంసకృత్తులను బట్టి హెచ్1ఎన్1, హెచ్3ఎన్2 మున్నగు పేర్లు ఏర్పడినవి.

వ్యాధి నడచు క్రమము

లక్షణములలోని భేదము, రెండు వైరసులు శరీరమున చేయు పనిలోని భేదమునుండి పుట్టినది. రైనోవైరసు ముక్కులోపలి పొరలోని కణములను ఆశ్రయించును గాని వానిని విస్తారముగా ధ్వంసము చేయదు. దానిని ఎదుర్కొనుటకై శరీరము విడుదల చేయు రసాయనములవలన రక్తనాళములు ఉబ్బి, నీరు స్రవించి, తుమ్ములు, ముక్కు దిబ్బడ కలుగును. పీడ స్థానికముగానే నుండును గనుక పెద్దలకు జ్వరము రాదు, వచ్చినను స్వల్పము. ఇన్‌ఫ్లుయెంజా వైరసు అట్లుకాక, శ్వాసనాళమునందలి పొరలో ప్రవేశించి, మలినములను పైకి నెట్టు సూక్ష్మరోమములు గల కణములను చంపివేయును. ఆ పొర మఱల ఏర్పడుటకు వారములు పట్టును; జ్వరము తగ్గిన పిదపకూడ పొడిదగ్గు, నిస్సత్తువ నిలుచుటకు ఇది కారణము. ఇంటర్‌ఫెరాన్ మున్నగు పదార్థములు రక్తమున చేరి సర్వాంగములకు వ్యాపించుటచేత తీవ్రజ్వరము, చలి, ఒళ్ళునొప్పులు పుట్టును. కాపుదల కోల్పోయిన ఆ మార్గమున బాక్టీరియములు సులభముగా ప్రవేశించి న్యుమోనియాను కలిగించుటయు కలదు (చూ. న్యుమోనియా).

లక్షణముల భేదము

ఆరంభమును గమనించుట ప్రథమము. జలుబు క్రమక్రమముగా వచ్చును. గొంతు గరగర, పిదప తుమ్ములు, అటుపిమ్మట ముక్కు కాఱుట, రెండు మూడు దినములకు చిక్కని చీమిడి. ఏ గడియకు మొదలైనదో రోగి సాధారణముగా చెప్పలేడు. ఫ్లూ అకస్మాత్తుగా పడును. ఉదయము పనికి పోయినవాడు మధ్యాహ్నమునకు చలితో వణకుచు పక్కనుపట్టుటయు, అది ఎప్పుడు మొదలైనదో స్పష్టముగా చెప్పగలుగుటయు సర్వసాధారణము. సోకినది మొదలు లక్షణములు కనబడువరకు జలుబునకు ఒకటి మొదలు మూడు దినములును, ఫ్లూకు ఒకటి మొదలు నాలుగు దినములును పట్టును.

ఫ్లూయందు జ్వరము 38 మొదలు 40 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పెరిగి మూడు నాలుగు దినములుండును. తలనొప్పి, నడుము, పిక్కలు, కీళ్ళనొప్పులు, కనుగ్రుడ్లు కదల్చినప్పుడు నొప్పి, ఆహారముపై అరుచి, మంచము దిగనీయని నీరసము దానికి అనుచరములు. జలుబునందు ఇవి లేవు, ఉన్నను స్వల్పములు. జలుబు రోగి చిరాకు పడుచునే తన పనులను చేసికొనగలడు. ఫ్లూ రోగికి లేచి నిలుచుటయే కష్టము. తుమ్ములు, ముక్కు దిబ్బడ జలుబునకు ప్రధానలక్షణములు. ఫ్లూయందు అవి ఉండవచ్చును గాని ముందువరుసలో నుండవు. దగ్గు రెండింటియందును కలదు. జలుబునందు తేలికగాను, ఫ్లూయందు పొడిగాను, ఛాతీలో మంటతోను ఉండును. వాంతులు, విరేచనములు పెద్దలకు ఫ్లూలో అరుదు. 2009 నాటి వైరసుతో మాత్రము అవి కొంత తఱచుగా కనబడెను.

ఈ గుర్తులలో ఏ ఒక్కటియు తనంతట నిర్ణాయకము కాదు. చంటిపిల్లలకు సామాన్యపు జలుబుతోనే అధికజ్వరము రావచ్చును. వృద్ధులకు ఫ్లూ సోకినను జ్వరము లేకయే, మాట తడబడి, అయోమయస్థితి మాత్రము కనబడవచ్చును. రోగనిరోధకశక్తి తగ్గినవారియందును లక్షణములు మాఱును. కావున కాలము, సన్నివేశము, రోగి స్థితి అను మూడింటిని కలిపి చూడవలెను.

మహమ్మారి కాలమున నిర్ణయము

ఒకే లక్షణమునకు కాలభేదముచే అర్థభేదము కలుగును. ఊరిలో ఇన్‌ఫ్లుయెంజా లేని కాలమున హఠాత్తుగా జ్వరము, దగ్గు వచ్చినవాడు బహుశః మఱియొక వ్యాధిచే పీడితుడైయుండును; అది ముమ్మరముగా వ్యాపించుచున్న కాలమున అవే రెండు లక్షణములు గల పెద్దవాడు ఫ్లూ రోగియే యగుటకు అవకాశము మెండు. ఇందుచేతనే ఆయా ప్రాంతమున ప్రస్తుతము ఏ వైరసు తిరుగుచున్నదో తెలుపు ఆరోగ్యశాఖ ప్రకటనలు వైద్యునకు రోగి నాడి చూచుటతో సమానమగు ఆధారము.

మహమ్మారి తానే తక్కిన వైరసుల సంచారమును మార్చివేయుటయు కలదు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్యసంస్థ కోవిడ్-19ను మహమ్మారిగా పేర్కొనిన పిదప, మాస్కులు, ప్రయాణనిషేధములు, బడుల మూసివేత మున్నగువానివలన 2020–21లో ఇన్‌ఫ్లుయెంజా పెక్కు దేశములయందు దాదాపు అదృశ్యమయ్యెను. రైనోవైరసు మాత్రము సంచరించుచునే యుండెను. కోవిడ్ ప్రవేశముతో జలుబు, ఫ్లూ అను ద్వంద్వమునకు మూడవ పక్షము చేరినది. ముక్కు దిబ్బడ లేకయే వాసన తెలియకపోవుట ఆ వ్యాధి తొలి తరంగములలో విశేషలక్షణము. సోకిన పిదప రెండు మొదలు పదునాలుగు దినములలో లక్షణములు బయటపడుట, మొదటి వారము చివర ఆయాసము తలెత్తుట దాని నడకలో ముఖ్యములు. ఒమిక్రాన్ రకము వచ్చిన తరువాత గొంతునొప్పి, ముక్కు కాఱుట ముందునకు వచ్చి వాసన పోవుట తగ్గుటచేత, లక్షణములను బట్టి దానిని జలుబునుండి వేఱుచేయుట దుస్సాధ్యమయ్యెను (చూ. కోవిడ్-19).

తెలుగునాట మఱియొక చిక్కు కలదు. వానకాలమున ఇన్‌ఫ్లుయెంజా పెచ్చరిల్లునప్పుడే డెంగీ, మలేరియా, చికున్‌గున్యా, టైఫాయిడ్ జ్వరములును ప్రబలును. లోకులు వీనినన్నిటిని కలిపి విషజ్వరములందురు. తీవ్రజ్వరము, ఒళ్ళునొప్పులు ఉండి దగ్గుగాని గొంతునొప్పిగాని లేనప్పుడు ఫ్లూ అని నిశ్చయింపక రక్తపరీక్ష చేయింపవలెను. కండ్ల వెనుక నొప్పి, ఒంటిపై దద్దురులు డెంగీని, చలితో విడిచి విడిచి వచ్చు జ్వరము మలేరియాను స్ఫురింపజేయును. ఇన్‌ఫ్లుయెంజా వానకాలమునకే పరిమితము కాదు. 2015 జనవరి, ఫిబ్రవరి మాసములలో తెలంగాణమున స్వైన్ ఫ్లూ తీవ్రముగా వ్యాపించెను.

పరీక్షలు

ముక్కునుండిగాని గొంతునుండిగాని దూదిపుల్లతో తీసిన నమూనాపై చేయు ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష వైరసు జన్యుపదార్థమును గుర్తించును. ఇది మిగుల విశ్వసనీయము. నిమిషములలో ఫలము తెలుపు యాంటిజెన్ పరీక్షలు, వ్యాధి ఉన్నదని చెప్పినప్పుడు సాధారణముగా నమ్మదగినవి. లేదని చెప్పినప్పుడు అంత నమ్మదగినవి కావు. లక్షణములు మొదలైన మూడు నాలుగు దినములలో నమూనా తీయుట మేలు. జలుబును నిర్ధారించుటకు పరీక్ష అవసరము లేదు.

చికిత్స

జలుబునకు వైరసును చంపు మందు లేదు. విశ్రాంతి, వెచ్చని ద్రవములు, ఉప్పునీటి పుక్కిలింత, అవసరమైనచో పారాసెటమాల్ చాలును. మిరియాల కషాయము, శొంఠి, తులసి గొంతునకు హాయినిచ్చును. అవి వ్యాధికాలమును తగ్గించునని రూఢి కాలేదు. మరుగునీటి ఆవిరి పట్టునప్పుడు పిల్లలకు ఒళ్ళు కాలు ప్రమాదము కలదు. సంవత్సరము నిండని శిశువునకు తేనె నాకింపరాదు. యాంటీబయాటిక్ మందులు బాక్టీరియములపై పనిచేయునవే గాని వైరసులపై పనిచేయవు. మందులదుకాణమున అడిగి కొని మ్రింగు అలవాటు రోగికి నిష్ప్రయోజనము, సమాజమునకు హానికరము.

ఫ్లూకు ఓసెల్టామివిర్ అను మందు కలదు. అది లక్షణములు మొదలైన 48 గంటలలోపల ఆరంభించినచో మిక్కిలి ఫలప్రదము. తీవ్రరోగులకు ఆలస్యమైనను ఇత్తురు. పిల్లలకు ఫ్లూ జ్వరమున ఆస్పిరిన్ ఈయరాదు. మెదడును, కాలేయమును దెబ్బతీయు రైస్ సిండ్రోమ్ అను ఉపద్రవము రావచ్చును. 2009 మహమ్మారిలో భారత ఆరోగ్యమంత్రిత్వశాఖ రోగులను మూడు వర్గములుగా విభజించెను. తేలిక జ్వరము, దగ్గు మాత్రమే గల ‘ఎ’ వర్గమువారికి పరీక్షయు, ఓసెల్టామివిరును అక్కఱలేదు; ఇంట నుండి ఇతరులకు దూరముగా మెలగవలెను. తీవ్రజ్వరము, తీవ్రమగు గొంతునొప్పి గలవారును, తేలిక లక్షణములే యున్నను గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు, దీర్ఘరోగులును ‘బి’ వర్గము. వీరికి పరీక్షాఫలముతో పనిలేక అవసరమునుబట్టి మందు ఈయవచ్చును. ఆయాసము మున్నగు అపాయచిహ్నములు గలవారు ‘సి’ వర్గము. వీరికి పరీక్ష, ఆసుపత్రి, మందు మూడును తక్షణావశ్యకములు. వైరసు పేరునకంటె రోగి స్థితికి ప్రాధాన్యమిచ్చిన ఈ విభాగము, పరిమితమైన పరీక్షాసాధనములు గల దేశమునకు మిక్కిలి తగినది.

నివారణము

ఫ్లూకు టీకా కలదు. వైరసు నిరంతరము మాఱుచుండుటచేత ప్రపంచ ఆరోగ్యసంస్థ ఏటికి రెండు మాఱులు టీకాయందు చేర్పవలసిన రకములను సూచించును. టీకాను ప్రతివర్షము వేయించుకొనవలెను. జలుబు కారకములు అసంఖ్యాకములగుటచేత దానికి టీకా ఏర్పడలేదు. ఇన్‌ఫ్లుయెంజా వైరసుపై గల కొవ్వుపొర సబ్బుచేతను, సారాయముగల చేతిశుద్ధిద్రవముచేతను కరగి వైరసు నశించును. రైనోవైరసునకు ఆ పొర లేదు; కావున సబ్బుతో రుద్ది నీటితో కడిగివేయుట రెండింటికిని తగిన ఉపాయము. ఫ్లూ రోగి లక్షణములకు ఒకదినము ముందునుండి, అవి మొదలైన పిదప ఐదు మొదలు ఏడు దినముల వరకు వ్యాధిని వ్యాపింపజేయగలడు.

అపాయచిహ్నములు

ఊపిరి ఆడకపోవుట, ఛాతీలో నొప్పి, పెదవులుగాని గోళ్ళుగాని నీలివర్ణము దాల్చుట, కఫమున రక్తము పడుట, మగత, అయోమయము, మూత్రము తగ్గుట, తగ్గిన జ్వరము తిరిగి తీవ్రముగా వచ్చుట అపాయచిహ్నములు. పిల్లలయందు వేగముగా ఊపిరి తీయుట, డొక్కలు ఎగురవేయుట, పాలు నీళ్ళు పట్టకపోవుట, మేల్కొలిపినను లేవకపోవుట వానికి తుల్యములు. గర్భిణులకును, మధుమేహము, ఉబ్బసము, గుండెజబ్బు గలవారికిని ఇవి శీఘ్రముగా ముదురును. వీనిలో ఏ ఒక్కటి కనబడినను, అది జలుబా ఫ్లూవా అను విచారమును కట్టిపెట్టి, పరీక్షాఫలము వచ్చువరకు కాచియుండక, రోగిని తత్‌క్షణమే ఆసుపత్రికి చేర్పవలెను.